నీళ్లు ఎటు పోతున్నాయి?

అనంతపురం రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పక్క చేలో కొత్త బోరు పడుతుంది, నాలుగు రోజులకే తన బోరు గాలి కొడుతుంది. అంతకన్నా దగ్గరున్న మరో బోరు మాత్రం ఎప్పట్లాగే పోస్తుంటుంది. బండలో నెర్రె ఎటు ఉంటే నీళ్లు అటే. గజాల లెక్క వాటికి పట్టదు.

అమెరికా చమురు కంపెనీలు ఇదే పాఠాన్ని పశ్చిమ టెక్సస్‌లోని స్ప్రాబెర్రీలో బోలెడు డబ్బు పోసి నేర్చుకున్నాయి. 1949లో బయటపడ్డ ఆ క్షేత్రంలో చమురుకు కొదవ లేదు. రాయే మొండిది, దాని పారగమ్యత (ద్రవాన్ని పోనిచ్చే గుణం) ఒక మిల్లీడార్సీ కన్నా తక్కువ. పీడనం పడిపోతుంటే 1950లలో నీళ్లు ఎక్కించి చూశారు. ఒక బావిలో తోసిన నీళ్లు చమురును నెట్టుకుంటూ పక్క బావికి చేరాలన్నది ఆశ. ఆ రాతి నిండా ఈశాన్యం నుంచి నైరుతికి సాగే నెర్రెలున్నాయి. వాటి బాటలో ఉన్న బావుల్లోకి నీళ్లు దూసుకొచ్చాయి, చమురు చాలావరకు రాతిలోనే ఉండిపోయింది.

ఏ బావికి ఏ బావితో సంబంధం ఉందో ఎల్కిన్స్, స్కోవ్ అనే ఇంజనీర్లు తేల్చిన తీరు ముచ్చటైనది. కొత్తగా తవ్విన బావుల్లో తొలి పీడనాలను పట్టి చూశారు. కొన్నింటిలో అది అప్పటికే తగ్గి ఉంది. ఇంకా తోడని బావిలో పీడనం ఎలా తగ్గింది? పాత బావులు లాగేసుకున్నాయి కాబట్టి! ఆ తగ్గుదల ఏ దిక్కున ఎంత ఉందో లెక్కగడితే నెర్రెల దారి బయటపడింది. ఇది 1960 నాటి మాట.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌కు అప్పగిస్తున్నారు. ఇక్కడ ఎక్కించిన నీళ్లు, అక్కడ వచ్చిన ద్రవం, ఈ రెండు లెక్కలూ ఇస్తే ఏ జంట బావులకు ఎంత బంధమో అది అంకెల్లో చెబుతుంది. చౌక, ఒక్క బావినీ ఆపక్కర్లేదు. అందుకే యాజమాన్యాలకు ముద్దు. బిగుతు రాతిలో మాత్రం ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదు. అక్కడ పీడనం నత్తనడక నడుస్తుంది, ఈ నెల పోసిన నీటి ప్రభావం ఎన్నో నెలలకు గానీ కనబడదు. ఈలోగా ఎవరో పంపు మార్చి ఉంటారు, ఇంకెవరో బావి మూసి ఉంటారు. ఆ మార్పులను కూడా లెక్క బంధుత్వం కిందే జమ చేసుకోవచ్చు.

కాబట్టి కొన్ని బావుల్లోనైనా ఎక్కించే నీళ్లలో ట్రిటియం వంటి ట్రేసర్ (జాడ చెప్పే పదార్థం) కలిపి చూడాలి. అది పక్క బావిలో తొందరగా తేలిందా, మధ్యలో నెర్రె ఉందని అనుమానించాలి. తేలకపోతే బంధమే లేదనడానికీ లేదు, నీళ్లు చేరని చోటికీ పీడనం చేరుతుంది. పీడన పరీక్షకు బావి ఆపితే రోజువారీ ఉత్పత్తి పోతుందని గొణిగేవాళ్లు నెర్రెల వెంట వృథాగా పోయే నీటి ఖర్చు కూడా కట్టి చూడాలి.

నెర్రెల దారి తెలిశాక స్ప్రాబెర్రీలో పద్ధతే మారింది. కొంతకాలం నీళ్లు ఎక్కించి, ఆ తర్వాత ఆపి తోడే ప్రయోగం గురించి ఎల్కిన్స్, స్కోవ్‌లే 1963లో రాశారు.