ఆనకట్టకా, శివారు చేనికా?



గడచిన సంక్రాంతికి దివిసీమలోని మా యత్తవారి యూరికి వెళ్లితిమి. ఆ పండుగనాడు మా చిన్న మఱదికిని నాకును కలిగిన వాదమును ఈ నెల మీ ముందుంచుచున్నాను. అది కంప్యూటరును గూర్చినదని విని పుట తిరుగవేయకుడు. దానిలో మన సంసారములకు చెందిన న్యాయమొకటి యున్నది.

విజయవాడలో మా పేట పొదుపు సంఘపు లెక్కలు నేను వ్రాయుచుందును. మా వారు బడిపిల్లలకు ప్రశ్నపత్రములు సిద్ధపఱచుకొను పాత కంప్యూటరే నాకును ఆధారము. దానిలోని ఆపరేటింగు సిస్టమునకు ఇక మరమ్మతులు పంపమని దానిని చేసినవారు చెప్పిరి. క్రొత్తది కావలెనన్న క్రొత్త యంత్రమే కొనవలెనట! ఉపాధ్యాయుని యింట అది యెంత మాటయో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మఱది హైదరాబాదులో ఉద్యోగి. అతడు వచ్చి, లినక్సు కుటుంబమునకు చెందిన స్వేచ్ఛావ్యవస్థ నొకదానిని కాసు ఖర్చు లేకుండ అందు నెలకొల్పిపోయెను.

ఆపరేటింగు సిస్టమనగా యంత్రములో నే పని కెప్పుడు వంతు రావలెనో, యే వస్తువెక్కడ నుండవలెనో చూచు పెత్తనము. ఈ జాతి వ్యవస్థల విశేషమేమనగా, వాని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పరులకు పంచవచ్చును. ఆవకాయ జాడీతోపాటు కలిపిన పాళ్లు గూడ వ్రాసియిచ్చి, మీ నాలుకకు తగినట్లు మార్చుకొనుడని చెప్పుట వంటిది. 1983లో అమెరికావాసి రిచర్డ్ స్టాల్‌మన్ ఈ మార్గమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెలును వ్రాసి లోకమునకు విడిచెను.

యంత్రము చక్కగా నడచినది. కాని సంఘసభ్యుల జాబితా అచ్చుతీయగా లక్ష్మి యను పేరు విఱిగిపోయినది. ‘క్ష’ యొకచోట, పొల్లొకచోట, ‘మి’ వేఱొకచోట! మా సంఘమున పదిమందిలో నలుగురు లక్ష్ములే. ఈ పేర్లెవరివని బ్యాంకు గుమాస్తా కాగితము త్రిప్పి పంపగా, ఆ నలుగురి అప్పు ఆ నెల ఆగిపోయెను. వారిలో నొకామె కుమారునికి కళాశాల రుసుము కట్టవలసిన నెల అది.

పండుగనాడు మఱదిని నిలదీసితిని. అతడు నవ్వి, “వదినగారూ! ఈ వ్యవస్థ నిజముగ రాజ్యమేలుచున్నది సర్వరులలో. సర్వరులనగా వేలమందికి ఒక్కమాఱు సేవచేయు పెద్ద యంత్రములు. మీరు రైలు టికెట్టు కొన్నను, బ్యాంకునుండి సొమ్ము పంపినను ఎక్కడనో యొక సర్వరు పలుకును. లోకమున మేటివని యెంచిన అయిదువందల మహాయంత్రములును 2017 నవంబరు మొదలు లినక్సు మీదనే నడచుచున్నవి. కెర్నెలు వ్రాయువారిలో పెక్కుమందికి జీతములిచ్చునవి పెద్ద కంపెనీలే. ఇంటి కంప్యూటరువారు పైసా యీయరు. ఆనకట్ట చెడినచో ఊళ్లన్నియు నెండును. ఒక బోదె పూడినచో ఒక చేనే గదా యెండును!” అనెను.

అరుగుమీదనున్న మామగారు, “ఆ యెండు చేను ఎప్పుడును మనదేరా!” అనిరి.

ఆ మాటతో నాకు దారి దొరకినది. బెజవాడకడ కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనది. దానికి బదులుగ కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 నుండి పనిచేయుచున్నది. నీరు తక్కువైన యేట కాలువలకు వంతులు పెట్టుదురు. ఎన్ని ఘనపుటడుగుల నీరు వదలిరో లెక్క యుండును. శివారున మా మామగారి నారు ముదిరిపోయినదో లేదో ఆ లెక్కలో నుండదు. మొత్తముమీద నీరు పాఱినది నిజమే. మా నాట్లు పడనిదియు నిజమే.

కంప్యూటరులోను ఇట్టిదే జరుగును. పనులకు వంతులు వేయు భాగమొకటి కెర్నెలులో నున్నది. రోజంతయు కలిపి యెంత పని జరిగినదనునది సర్వరు కొలత. మీట నొక్కినంతనే అక్షరము తెరమీద పడినదా యనునది యింటి కొలత. కాన్ కొలివాస్ అను ఆస్ట్రేలియా వైద్యుడు, శస్త్రచికిత్సకు మత్తుమందిచ్చు వృత్తివాడు, తనంతట తాను ప్రోగ్రాములు నేర్చి, ఇంటివారికి అనుకూలముగ వంతుల పద్ధతి నొకదానిని వ్రాసెను. 2007లో పెద్దలు అతని తలంపును మెచ్చియు, ఇంగో మోల్నార్ వ్రాసిన వేఱు పద్ధతిని కెర్నెలులో చేర్చుకొనిరి. పెద్ద యంత్రములపై నున్న శ్రద్ధ సామాన్యుని యంత్రముపై లేదని చెప్పి కొలివాస్ అప్పుడు ఆ పనినుండి తొలగెను.

కంపెనీల నడకయు నట్లే యున్నది. రెడ్‌హ్యాట్ వారు 2003లో, ఎల్లరును కొనుక్కొను తమ లినక్సును ముగించి, వ్యాపారసంస్థలకు వేఱు వ్యవస్థను నిలిపిరి; ఇంటివారికి ఫెడోరా యను ప్రజాప్రయత్నము మిగిలెను. సామాన్యులకొఱకని 2004లో బయలుదేరిన ఉబుంటువారు 2017లో తమ సొంత తెరరూపమైన యూనిటీని విడిచి, సర్వరుల వైపే మొగ్గిరి. వారిని నిందింపను. జీతములు ఈయవలెను గదా!

ఒక న్యాయమును మఱదికి ఒప్పుకొంటిని. సర్వరుల సొమ్ముతో దిద్దిన కెర్నెలే నా బల్లమీదను ఉచితముగ నడచుచున్నది. ఆనకట్ట లేనిదే బోదెకు నీరెక్కడిది? “ఇప్పుడందఱి చేతను ఫోనులున్నవి, బల్లమీది యంత్రమెందుకు?” అని కూడ అతడనెను. ఫోను చూచుటకు చాలును. లెక్క వ్రాయుటకు, పాఠము కూర్చుటకు, జాబితా అచ్చుతీయుటకు చాలదు. చూచుటతోనే మనము తృప్తిపడవలెనా?

కాబట్టి నా మతము ఇది. సర్వరునకు ధనవంతులైన పోషకులున్నారు. వారు దానిని చూచుకొందురు. ఇంటి యంత్రమునకు పోషకులు లేరు. అందుచేత ప్రభుత్వధనముతోను, స్వచ్ఛంద శ్రమతోను సాగు ప్రయత్నములు మొదట ఇంటిని, బడిని చూడవలెను. మన దేశమున సీడాక్ సంస్థవారు బాస్ అను వ్యవస్థను చేసి, ఇండ్లకు, బడులకు, సర్వరులకు వేఱువేఱు రూపములిచ్చిరి. హైదరాబాదున 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ వారు తెలుగు వ్యవస్థకై పాటుపడిరి. ఇట్టివారు తమ పనిని బహిరంగపఱచుటకు ముందు ఒక తెలుగు గృహిణి బల్లమీద పరీక్షించి చూడవలెనని నా కోరిక. లక్ష్మి పేరు విఱుగక అచ్చుపడినచో ఉత్తీర్ణము!

మనకును విధి యొకటి కలదు. బోదెలో పూడిక తీయవలసినది చేనివారే. తప్పు కనబడినప్పుడు గొణిగి యూరకుండక, ఏమి చేయగా నేమి జరిగెనో వరుసగ వ్రాసి పంపుడు. తెరమీది మాటలను తెలుగు చేయువారికి మన పలుకుబడి తెలుపుడు. ఇందులకు గొప్ప గణితము రానక్కఱలేదు. ఓపిక చాలును, అది మనకు కొదువయా?

మఱదియు నేనును ఆ సాయంకాలమే కూర్చుండి, తప్పు వివరమును వ్రాసి పంపితిమి. దిద్దుబాటు వచ్చులోపల అక్షరరూపమును మార్చి అచ్చుతీసితిమి. నలుగురు లక్ష్ములును చెక్కుచెదరక వచ్చిరి. జాబితా బ్యాంకునకు చేరినది. మఱుసటి నెలలో అప్పు చేతికందినది. కాని కళాశాల రుసుమునకు ఆమె అప్పటికే తన గాజులు కుదువబెట్టియుండెను. ఆ గాజులింకను విడిపింపవలసియున్నది.