చాటింపు స్పష్టముగా నుండవలెను



పూర్వము మన గ్రామములలో సర్కారు ఉత్తరువు ఏదేని వచ్చినయెడల డప్పు వాయించి చాటించెడివారు. డప్పు మ్రోగగనే స్త్రీలు చేతిపని విడిచి వాకిటికి వచ్చి, మాట ముగియువరకు నిలిచి వినెడివారు. చాటువా డొక్కడే, మాటయు నొక్కటే. అర్థము కానివారు అచ్చటనే యడిగి తెలిసికొనెడివారు. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి మన దేశములో వ్యాపించినప్పుడు మనకు డప్పులు కొరవడలేదు. నూరు డప్పు లొక్కసారి మ్రోగి, ఏది వినవలెనో తెలియకపోవుటయే మనకు వచ్చిన కష్టము. ఆ దినములు గడచినవి. ఎవరినో నిందించుటకు గాక, అట్టి కాలము మరల వచ్చినచో పాలకులును ప్రజలును ఎట్లు నడువవలెనో ఆలోచించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట నొక మంచి సంగతి చెప్పుదుము. కోడిమాంసము తినినచో ఈ రోగము వచ్చునను వదంతి పుట్టగా, 2020 ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు కొందరు బహిరంగముగా కోడిమాంసము తిని చూపిరి. సిరిసిల్ల శాసనసభ్యుడైన శ్రీ కె. తారక రామారావు గారును వారిలో నుండిరి. అది నిజమైన మాట, నిజముగా చెప్పిన పద్ధతి. మార్చి 2న హైదరాబాదులో మొదటి రోగి బయటపడెను. అటుతరువాత కొలది దినములకే, ఎండ వేడికి ఈ క్రిమి నిలువదనియు, పారాసిటమాల్ మాత్ర చాలుననియు శాసనసభలోనే వినబడెను. ఈ మాట నిజము కాలేదు. అయినను రెండు మాటలును ఒకే ధైర్యముతో, ఒకే గొంతుతో చెప్పబడెను. ఏది పరీక్షింపబడిన సత్యమో, ఏది యాశయో సామాన్యు డెట్లు వేరుచేయగలడు?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి ఎందరు దుబాయి, మస్కట్, కువైట్‌లకు పోయి కష్టపడుచున్నారో మీ యందరికి తెలియును. ఇక్కడి వీధులలో అన్నయో, మేనమామయో అచ్చట లేని యిల్లు అరుదు. మార్చి 18నుండి ఎమిరేట్సు, కతార్, ఒమాన్, కువైట్ దేశములనుండి వచ్చువా రందరు 14 దినములు ప్రత్యేకముగా నుండవలెనని కేంద్ర ప్రభుత్వ ముత్తరువు చేసెను. ముందటి దినమున దిగినవానికి ఆ యుత్తరువు ప్రకారము నిర్బంధము లేదు. మరునాడు దిగినవానికి కలదు. ఆ మాసములోనే కరీంనగరమునకు వచ్చిన ఇండోనేషియా దేశస్థులకు వ్యాధి యున్నదని తేలగా, వైద్యసిబ్బంది ఇల్లిల్లు తిరిగి విచారించిరి. భయము పెరిగెను. నియమము తెలియనిచోట అనుమానమే నియమమాయెను. ఏండ్లతరబడి ఇంటికి డబ్బు పంపిన మనుష్యుడు తన వాకిటనే దోషివలె నిలువవలసివచ్చెను. విదేశీయులు, అన్యమతస్థులు అను మాటలు నిందలుగా మారెను. ఇది మనము సిగ్గుపడవలసిన విషయము.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఉదయము 7 గంటలనుండి రాత్రి 9 గంటలవరకని ప్రధానమంత్రి చెప్పిరి. ఉదయము 6 గంటలనుండి మరునాటి ఉదయము 6 గంటలవరకని మన రాష్ట్ర ప్రభుత్వము చెప్పెను. ఆ సాయంకాలమే మార్చి 31వరకు రాష్ట్రమంతట లాక్‌డౌన్ అనిరి. 24వ తేదీ రాత్రి, దేశమంతటికి 21 దినములనిరి. పిమ్మట రాష్ట్రము ఏప్రిల్ 30 అనెను. కేంద్రము మే 3 అనెను. మరల రాష్ట్రము మే 7 అనెను. ఒక్కొక్క తేదీకి ఒక్కొక్క కారణ ముండవచ్చును. కాని సిరిసిల్లలో మరమగ్గ మాగిపోయిన కార్మికునికి, కోరుట్లలో బీడీలు చుట్టి దినము గడపు తల్లికి ఆ తేదీలు కేవలము అంకెలు కావు. ఇంటిలోని బియ్యము ఎన్నాళ్లు సరిపుచ్చవలెనో ఆ తేదీని చూచియే వారు లెక్కించుకొనవలెను. రాష్ట్ర ప్రభుత్వము తెల్లకార్డు కలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలను ఇచ్చినది, అది మేలే. కేంద్రము స్త్రీల జనధన ఖాతాలలో 500 రూపాయలు వేయగా, వెంటనే తీసికొననిచో వెనుకకు పోవునను వదంతి వ్యాపించెను. అది నిజము కాదని ప్రభుత్వము చెప్పునంతలో, దూరముగా నుండుడని బోధింపబడిన జనులే బ్యాంకుల యెదుట ఒకరినొకరు ఒరసికొని నిలిచిరి.

ఇక మన విద్యార్థుల మాట. మార్చి నడుమ పాఠశాలలు మూయబడెను. పదవ తరగతి పరీక్షలు మాత్రము 19వ తేదీన ఆరంభమాయెను. పిల్లలు గుమికూడుట ప్రమాదమైనచో పరీక్షామందిరములో ప్రమాదము లేదా యని తలిదండ్రులు మమ్ము నడిగిరి. మాయొద్ద జవాబు లేదు. మూడు దినములు పరీక్షలు జరిగెను. 23వ తేదీనుండి జరుగవలసినవి హైకోర్టు ఉత్తరువుచే ఆగెను. జూన్ 8న పరీక్షలన్నియు రద్దుచేసి అందరిని ఉత్తీర్ణులుగా ప్రకటించిరి. మార్చినుండి జూన్‌వరకు ఆ పిల్లలు పుస్తకము మూయను లేరు, తెరవను లేరు.

పరుల తప్పులు చెప్పితిమి గనుక మా తప్పును చెప్పుట న్యాయము. మార్చి మొదట మేము తరగతిలో నిలిచి, ఆరోగ్యవంతులు మాస్కు ధరింప నక్కరలేదని బోధించితిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, మన ప్రభుత్వమును అప్పు డట్లే చెప్పుచుండెను. ఏప్రిల్ మొదటనే ఇంటిలో కుట్టిన గుడ్డతోనైనను ముక్కు, నోరు మూసికొనవలెనని కేంద్ర మంత్రిత్వశాఖ చెప్పెను. ఆ నెలలోనే మన రాష్ట్రములో మాస్కు తప్పనిసరి యాయెను. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థయు తన సలహా మార్చుకొనెను. మేమును ఫోనులో పిల్లలకు కొత్త మాట చెప్పితిమి. అప్పు డొక బాలిక, "అయ్యగారూ, మీరు చెప్పిన రెండు మాటలలో ఏది నిజమండి?" అని యడిగెను. ఆమె తండ్రి మగ్గముపై గుడ్డ నేయువాడు. ఇంటినిండ గుడ్డ యుండియు, మా మాట నమ్మి ఒక మాసము ఊరకుండిరి. దేవుని కృపవలన వారి కేమియు కాలేదు. కాని ఆ ప్రశ్న మమ్ము నేటికిని విడువలేదు.

ఆమెకు మేము చెప్పవలసిన జవాబు ఇది: మొదట రోగలక్షణములు లేనివారు కూడ వ్యాధిని వ్యాపింపజేయుదురని చక్కగా తెలియదు, ఉన్న కొద్ది మాస్కులు వైద్యులకును దాదులకును దక్కవలెనను తలంపును ఉండెను, తరువాత తెలివి పెరిగెను, గుడ్డతోనైన పని జరుగునని గ్రహించిరి. ఇది యెనిమిదవ తరగతి పిల్లకు అర్థము కానంతటి విషయమా? కారణములు చెప్పినచో ప్రజలు కలవరపడుదురు, ఆజ్ఞ యిచ్చిన చాలునని కొందరందురు. మే మంగీకరింపము. వీసా కాగితములను, పైకము లెక్కలను చదివి కుమారుని పరదేశమునకు పంపు తల్లికి, వేల పోగులను తప్పక నడపు నేతగానికి, కారణము తెలిసికొను శక్తి లేదనుట అవమానము.

వ్యాధి క్రొత్తది. క్రొత్తదానిని గూర్చిన జ్ఞానము మారక తప్పదు. సంపూర్ణముగా తెలిసినదాక ఊరకుండు ప్రభుత్వము ప్రజలను పోగొట్టుకొనును. కాబట్టి మాట మారుట దోషము కాదు. మారినదని చెప్పకుండుటయే దోషము. నల్లబల్లపై లెక్క తప్పినచో ఉపాధ్యాయుడు చాటుగా తుడిచివేయరాదు. తప్పిన చోటు చూపి, ఎందుకు తప్పెనో చెప్పి, పిమ్మట సరిదిద్దవలెను. శిక్షణ కళాశాలలో మేము నేర్చిన మొదటి పాఠములలో ఇది యొకటి. తుడిచివేసినచో పిల్లవాడు లెక్కను గాక ఉపాధ్యాయునే సందేహించును. మోషే ధర్మశాస్త్రములో, లేవీయకాండమునందు, చర్మవ్యాధి గలవానిని ఎవరు చూడవలెనో, ఎన్ని దినములు ప్రత్యేకింపవలెనో, ఏడవ దినమున ఏమి పరీక్షింపవలెనో విప్పి చెప్పబడినది. ఎవరు, ఎప్పటివరకు, ఏ గుర్తునుబట్టి అను మూడు సంగతులు లేని యుత్తరువు చాటింపు కాదు, వట్టి చప్పుడు.

విద్యార్థులారా, మీ భాగమును కలదు. ఫోనులో వచ్చిన మాటను ఇతరులకు పంపకముందు మూడు ప్రశ్న లడుగుడి: ఎవరు చెప్పిరి? ఏ తేదీన చెప్పిరి? దేని యాధారమున చెప్పిరి? ఇంటిలో చదువురాని అవ్వకు, తాతకు మీరే చాటింపువారు. తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియదని చెప్పుడి. దూరదేశమునుండి వచ్చినవానికి ఆరడుగుల దూరమున నిలిచియు అన్నము పెట్టవచ్చును. దూర ముండవలసినది దేహములకే, హృదయములకు కాదు. పాలకులకు మా విన్నప మొక్కటే: మీరు తప్పవచ్చును, మేమును తప్పితిమి. తప్పినప్పుడు బల్ల తుడువకుడు.