పన్ను పెంచేముందు నంద్యాలని ఒక్క మాట అడగండి

బెంగుళూరులో పనిచేసే మా సీమ జనానికి ఒక అలవాటుంది. పండక్కి ఊరికి బయల్దేరామంటే బాగేపల్లి దాటకముందే ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించేస్తాం. అక్కడ దాటితే ఆంధ్రా. లీటరుకి నాలుగైదు రూపాయలు పైనే తేడా.

మొన్న కూడా అలాగే బంకులో లైన్లో ఉన్నాం. కార్లో ముగ్గురం. మిగతా ఇద్దరూ నాలాంటి బాపతే, అంటే ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్ను తక్కువుండాలి, ఉచితాలు తగ్గాలి అనేవాళ్ళు. ఇలాంటి ముగ్గురు ఒక కార్లో ఉంటే గొడవ రాకూడదు కదా. వచ్చింది. అనంతపురం దాకా ఆగలేదు.

నేనన్నది ఒక్కటే మాట. "అమ్మకం పన్ను పెంచాలంటే జనాన్ని అడిగి పెంచాలి."

మొదటివాడు ఇంతెత్తున లేచాడు. "అడగడమే తప్పు. పన్ను పెంచొద్దనేవాడు 'పెంచమంటారా' అని ఎందుకు అడుగుతాడు? అడిగితే సగం ఒప్పుకున్నట్టే." రెండోవాడిది ఇంకో పాట. "అడిగితే ఏమౌతుందో నాకు తెలుసు. పన్ను వద్దంటారు, పథకాలు మాత్రం కావాలంటారు. మన జనానికి అంత బుర్ర ఎక్కడిది?"

ఈ ఇద్దరికీ కార్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను (డ్రైవింగ్ నాది). ఇప్పుడు చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. మన దేశంలో సాధారణ అమ్మకం పన్ను ఎవరు మొదలుపెట్టారో తెలుసా? ఏ కమ్యూనిస్టో కాదు, రాజాజీ. 1937లో మద్రాసు ప్రధాని అయ్యాక మద్య నిషేధం మొదలుపెట్టారు. సారా మీద వచ్చే రాబడికి గండి పడింది. ఆ గండి పూడ్చడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. మద్య నిషేధం కాంగ్రెస్ ఊరూరా చెప్పుకున్న మాటే. కానీ దాని ఖర్చు కొట్లో ఉప్పూ పప్పూ కొనేవాడి మీద పడుతుందని ఎవరూ అడిగి ఓటు వేయించుకోలేదు. అదే రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టి ప్రభుత్వ పెత్తనం మీద విరుచుకుపడ్డారు. అంచేత 'మనవాళ్ళు పన్ను వెయ్యరు' అనే భ్రమ మనకి మొదట్నుంచీ ఉండాల్సింది కాదు.

తర్వాత కథ కూడా ఇంతే. 1994లో ఎన్టీఆర్ మద్య నిషేధం అన్నారు, జనం ఓటేశారు. 1996లో కరెంటు చార్జీలు, బస్సు చార్జీలు పెరిగాయి, రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధమే పోయింది. ఓటు అడిగినప్పుడు వడ్డన గురించే చెప్తారు. విస్తరి ఖరీదు మాత్రం చెయ్యి కడుక్కున్నాక చెప్తారు.

ఇక వ్యాట్. వాజపేయి ప్రభుత్వమే దాన్ని మొదట ముందుకు తోసింది. 2003 ఏప్రిల్ నుంచి అనుకుని వాయిదా వేశారు. 2005 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చేసరికి కేంద్రంలో కాంగ్రెస్ ఉంది. ఇక్కడ వైఎస్ ప్రభుత్వం అదే రోజు అమలు చేసింది. మరి బీజేపీ రాష్ట్రాలు? గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ మేం రామన్నాయి. ఏడాది తిరిగేసరికి 2006 ఏప్రిల్‌లో అన్నీ వచ్చి చేరాయి. జీఎస్టీ విషయంలోనూ ఇదే ఆట. ప్రతిపక్షంలో ఉండగా వద్దన్నవాళ్ళే 2017లో అర్ధరాత్రి గంట కొట్టి తెచ్చారు. వ్యాట్ మంచిదా, జీఎస్టీ మంచిదా అని కాదు నా గొడవ. నాకు రెండూ పాత గందరగోళం కంటే నయమే అనిపిస్తాయి. అవతలివాడు తెస్తే దోపిడీ, మనం తెస్తే సంస్కరణ అనడం సిద్ధాంతం ఎలా అవుతుంది? అది కుర్చీ.

ఇప్పుడు మా ఊరి సంగతి. నంద్యాలకి చాలా ఊళ్ళకి లేని అనుభవం ఉంది. ఒకసారి ప్రధానమంత్రే వచ్చి ఓటు అడిగాడు.

1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు. జూలై 1న, మళ్ళీ 3న రూపాయి విలువ తగ్గించారు. జూలై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచి, గోల అయ్యాక 30 శాతానికి దింపారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక. ఆళ్లగడ్డ గంగుల వారింటి ప్రతాపరెడ్డి గారు సీటు ఖాళీ చేశారు. తెలుగుబిడ్డ అని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పీవీకి 6 లక్షల పైచిలుకు ఓట్లు, 5 లక్షల 80 వేల మెజారిటీ.

కేసీ కాలువ కింద వరి వేసే రైతుకి నాలుగు నెలల ముందే ఎరువు బస్తా ధర పెరిగింది. దాని మీద వాళ్ళని ఎవరన్నా ఏమన్నా అడిగారా? తెలుగువాడు ప్రధాని అయ్యాడు, గెలిపించాలా వద్దా, అంతే ప్రశ్న. ఆ సంస్కరణల వల్లే ఈరోజు మీకూ నాకూ ఉద్యోగాలు. నేను వాటికి వ్యతిరేకిని కాదు. ఖజానా ఖాళీ అయినప్పుడు అడిగే టైమ్ ఉండదని కూడా ఒప్పుకుంటాను. కానీ టైమ్ దొరికాక కూడా అడగలేదు చూడండి, అదీ నా బాధ.

26 ఏళ్ళ తర్వాత 2017 ఆగస్టు 23న మళ్ళీ నంద్యాల ఉప ఎన్నిక. ఈసారి అసెంబ్లీకి. నా మొదటి ఓటు అదే. జీఎస్టీ వచ్చి సరిగ్గా 54వ రోజు. మా నాన్నకి ఇనుము, సిమెంటు, రంగుల కొట్టు. అప్పుడు సిమెంటు మీద 28 శాతం, రంగుల డబ్బా మీద 28 శాతం. పాత వ్యాట్, ఎక్సైజ్ కలిపితే అంతకు ముందూ తక్కువేం కాదు, నిజమే. కానీ అది బిల్లులో కనబడేది కాదు. ఇప్పుడు కనబడుతోంది. కొనడానికొచ్చిన ప్రతివాడూ మా నాన్నే జేబులో వేసుకుంటున్నట్టు చూసేవాడు.

ముఖ్యమంత్రి వచ్చారు, ప్రతిపక్ష నాయకుడు రోజుల తరబడి ఊళ్ళోనే ఉన్నారు, మంత్రులైతే సందుకొకరు. రోడ్ల వెడల్పు గురించి మాట్లాడారు, పేదలకి ఇళ్ళ గురించి మాట్లాడారు. ఆ ఇంటికి వాడే సిమెంటు మీద 28 శాతం గురించి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు మా వీధిలో నోరెత్తలేదు. ఎత్తితే ఇద్దరికీ ఇబ్బందే. జీఎస్టీ రాజ్యాంగ సవరణకి పార్లమెంటులో అందరూ చెయ్యెత్తినవాళ్ళే కదా. టీడీపీ 27 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది.

ఓట్లు అయిపోయాక మా నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఓటు అడిగేదానికి మన గడపకు నాలుగు సార్లు వచ్చినార్రా. పన్ను ఏసేటప్పుడు ఒగసారన్నా వచ్చినారా?"

రంగుల మీద పన్ను మరుసటేడు 18కి తగ్గింది. సిమెంటు మీద తగ్గడానికి 2025 సెప్టెంబరు దాకా ఆగాల్సొచ్చింది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే రాతి దేవుళ్ళకి 2018 జూలైలో పన్ను ఎత్తేశారు. దేవుడు కాని విగ్రహానికి ఆ మినహాయింపు లేదు. పెంచినా తగ్గించినా ఎక్కడో హాల్లో కూర్చుని తేల్చినవే.

జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో సొంతంగా మిగిలిన అమ్మకం పన్ను ముఖ్యంగా పెట్రోలు, డీజిలు, మద్యం మీదే. వాటినెలా పెంచుతారో చూడండి. 2015 ఫిబ్రవరిలో చంద్రబాబు ప్రభుత్వం లీటరుకి 4 రూపాయలు వేసింది. అప్పుడు ఆ మంత్రివర్గంలో బీజేపీ కూడా ఉంది. 2020 జూన్‌లో జగన్ ప్రభుత్వం రెండే రోజుల్లో బడ్జెట్ సమావేశాలు ముగించి, జూలై 20న ఒక ఉత్తర్వుతో పెట్రోలు మీద అదనపు వ్యాట్‌ని 2.76 నుంచి 4 రూపాయలకీ, డీజిలు మీద 3.07 నుంచి 4 రూపాయలకీ పెంచింది. శాసనసభ కూర్చుని నెల దాటిందంతే. అదే ఏడాది మేలో లాక్‌డౌన్ మధ్యలో కేంద్రం పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయల సుంకం వేసింది. ఇక మనం ట్యాంకు నింపుకునే కర్ణాటక పెద్ద ఉత్తమురాలా? 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలొచ్చాయి, జూన్ 15న లీటరుకి మూడు రూపాయలు పెంచారు. పదకొండు రోజులు ఆగారు, మర్యాదస్తులు.

ఏ పార్టీ అయినా సరే, పెంచేది ఓటు అయ్యాకే, ఉత్తర్వు చాటునే.

ఇప్పుడు మొదటివాడి సంగతి. అడిగితే ఒప్పుకున్నట్టే అన్నాడు కదా. సరిగ్గా ఈ మాట మీదే అమెరికాలో కన్సర్వేటివులు తన్నుకున్నారు. 2010లో అరిజోనా ఖజానా ఎండిపోతే రిపబ్లికన్ గవర్నర్ జాన్ బ్రూవరే అమ్మకం పన్ను డాలరుకి ఒక సెంటు పెంచుదాం, జనాన్నే అడుగుదాం అంది. సొంత పార్టీవాళ్ళలో కొందరు 'నేను వ్యతిరేకమే, కానీ జనం తేల్చనీ' అన్నారు. ఇంకొందరు 'ఓటుకి పంపడమే ద్రోహం' అన్నారు. చివరికి మే 18న ఓటింగు జరిగింది. నూటికి 64 మంది సరేనన్నారు. ఎందుకని? మూడేళ్ళే అని గడువు పెట్టారు, ఎక్కువ భాగం బడులకి అని చెప్పారు. 2012లో దాన్ని శాశ్వతం చేద్దామని ఇంకొకరు ఓటుకి పెడితే దాదాపు అంతే మంది కాదన్నారు. 2013 మే ఆఖరుకి పన్ను పోయింది. ఇప్పుడు చెప్పండి, పన్ను తగ్గాలనేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మన దగ్గర తాత్కాలికం అని చెప్పి వేసిన పన్ను తనంతట తాను పోవడం ఎప్పుడన్నా చూశారా?

కాలిఫోర్నియాలో రెండో పద్ధతి చూశారు. 2011లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పాత పన్నుల్ని కొనసాగించమంటారా అని జనాన్ని అడుగుతానంటే రిపబ్లికన్లు అడగనివ్వలేదు. ఆయన సంతకాలు సేకరించి 2012 నవంబరులో ఓటుకి పెట్టాడు. అమ్మకం పన్నుతో పాటు పై ఆదాయాల మీద పన్ను కూడా చేర్చి మరీ గెలిచాడు. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చింది. ప్రతి చిన్న లెక్కా ఓటుకి పెడితే ఎంత చిక్కో కూడా ఆ రాష్ట్రమే చూపించింది, అదీ ఒప్పుకుంటాను. అందుకే అన్నీ అడగమనట్లేదు. రేటు పెంపు ఒక్కటి అడగమంటున్నాను.

ఇక రెండోవాడు. వీడితోనే నాకు అసలు పేచీ, ఎందుకంటే మన ఆఫీసుల్లో వీడే ఎక్కువ. జీతంలో టీడీఎస్ కట్ అవుతుంది కాబట్టి దేశాన్ని తనే మోస్తున్నాడని నమ్మకం. 'మేం కడతాం, వాళ్ళు పథకాలు తిని ఓటు అమ్ముకుంటారు' అంటాడు. ఒరే నాయనా, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఆటో తోలేవాడు రోజూ డీజిలు కొడతాడు. నీ కారులో లీటరుకి ఎంత పన్నో వాడి ఆటోలో లీటరుకీ అంతే. నీకది జీతంలో లెక్కకి రాదు, వాడికి సాయంత్రం కూరగాయల సంచిలో తెలుస్తుంది. ఏది ధర, ఏది పన్ను అని వాడికి ఎవరూ విడదీసి చెప్పలేదు. ఖర్చు చెప్పకుండా 'పథకం కావాలా' అని అడిగితే ఎవడు వద్దంటాడు? నువ్వంటావా? క్లయింటుకి ఎస్టిమేట్ ఇవ్వకుండా ఫీచర్లు అడిగితే వాడు వంద అడుగుతాడు. తప్పు వాడిదా, ఎస్టిమేట్ దాచినవాడిదా?

రాజ్యాంగంలో రిఫరెండం లేదు కదా అంటారు. లేదు. చట్టం లేకుండా పన్ను వెయ్యకూడదని 265వ అధికరణం ఉంది, అంతవరకే. కానీ జనాన్ని నేరుగా అడగడం మనకి కొత్తేం కాదు. ఊళ్ళో మద్యం దుకాణం ఉండాలా వద్దా అని ఓటింగు పెట్టే నిబంధనలు రాజస్థాన్‌లో, మహారాష్ట్రలో ఉన్నాయి. దుకాణం గురించి అడగ్గా లేనిది, ఆ సీసా మీద పన్ను గురించి అడిగితే కొంపలు మునుగుతాయా?

సరే, రిఫరెండం రేపే రాదు. ఈలోపు చెయ్యగలిగినవి మూడున్నాయి. ఒకటి, రేటు పెంపు ఉత్తర్వుతో కాకుండా శాసనసభలో పేరు పేరునా ఓటింగుతో జరగాలి. మా ఎమ్మెల్యే చెయ్యెత్తాడో లేదో నాకు తెలియాలి. రెండు, పెంచిన ప్రతి పన్నుకీ గడువుండాలి. అత్యవసరం అంటే వేసుకోండి, ఏడాదికి మళ్ళీ వచ్చి అడగండి. మూడు, మేనిఫెస్టోలో ప్రతి పథకం పక్కనే 'డబ్బు ఎక్కడిది' అని ఒక వరుస ఉండాలి. ఇందులో ఏదీ రాకెట్ సైన్సు కాదు. ఏ పార్టీ ఎందుకు చెయ్యదో మనకి తెలుసు. అడిగేవాళ్ళలో మనమూ లేం, అదీ తెలుసు. మనం బాగేపల్లిలో లైన్లో ఉంటాం.

ఆలోచిస్తే ఆ లైను కూడా ఓటింగే. ఆంధ్రా పన్ను మాకు నచ్చలేదని ట్యాంకు నింపి చెప్తున్నాం. కాకపోతే ఆ ఓటు కారున్నవాడికే ఉంది. ఆళ్లగడ్డ ఆటోవాడు డీజిలు కోసం బాగేపల్లి దాకా రాలేడు. వాడికున్నది అయిదేళ్ళకోసారి వచ్చే ఓటొక్కటే. కనీసం దాని మీదన్నా పన్ను సంగతి రాసి ఇవ్వండి.