కాలవ గట్టున మమ్మల్ని నడవనివ్వండి

జలవనరుల శాఖ ఉన్నతాధికారులకు,

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలోని పుంగనూరు బ్రాంచి కాలవ నుంచి కుప్పం బ్రాంచి కాలవ చీలేది మా పెద్దపంజాణి మండలం అప్పినపల్లి దగ్గరే. అక్కణ్ణుంచి 123 కిలోమీటర్లు పోయి కుప్పం మండలంలోని పరమసముద్రం చెరువును చేరుతుంది. 2025 ఆగస్టు 30న అక్కడ ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు 738 కిలోమీటర్లు నడిచొచ్చాయని పేపర్లు రాశాయి. నీళ్లే అంత దూరం నడిచాయి కదా, వాటి పక్కన మమ్మల్నీ కాస్త నడవనివ్వమని ఈ జాబు.

పార్కు అడగటం లేదు. బోట్లు, సెల్ఫీ పాయింట్లు అసలే వద్దు. కాలవ గట్టు మీద మీ జీపు దారి ఉంది. దానమ్మట కొంత దూరం పోయి, చేలల్లోకి దిగి, గెనిమల మీదుగా చెరువు కట్ట ఎక్కి, తూము దాటి, మొరవ దగ్గర కాసేపు కూచుని, బండిబాటన మళ్లీ కాలవ దగ్గరికి రావచ్చు. పోయిన దారినే తిరిగి రానక్కర్లేదు. తెల్లారుతూనే బయల్దేరితే ఎండ ముదిరేలోగా ఇల్లు చేరతాం.

ఉగాదికి కాస్త అటూ ఇటూగా ఈ దారిన నడవాలి. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైనున్నాం కనుక, తిరుపతిలో చెమటలు కారే రోజుల్లో కూడా ఇక్కడ పొద్దుటి గాలి చల్లగానే ఉంటుంది. కానుగలు పాతాకు రాల్చి కొత్త చిగురు తొడుగుతాయి. మామిడి పూత పిందెకు తిరుగుతుంది. మల్బరీ తోటల్లో ఆకు కోసి పట్టుపురుగుల షెడ్డుకు మోస్తుంటారు. టమోటా చేను దాటితే పలకరింపు ఒకటే, మదనపల్లె మార్కెట్లో రేటెంత అని. చెరువులో నీళ్లు వెనక్కి తగ్గినచోట బురద ఎండి పెంకులు పెంకులుగా లేస్తుంది. అక్కడ తీతువు మన చుట్టూ తిరుగుతూ అరిచిందంటే కాలు జాగ్రత్తగా వెయ్యాలి. అది గూడు కట్టదు, గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. రాయేదో గుడ్డేదో వంగి చూసినా తేలదు.

ఇదే కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి జనం హంసలదీవి దాకా పోతారు. మెట్టప్రాంతం వాళ్లం, మాకు సాగర సంగమాలు లేవు. కాలవ నీళ్లు చెరువులోకి దూకే చోటే మాకు సంగమం. నీటికాకులు, కొంగలు అప్పుడే దాన్ని కనిపెట్టేశాయి.

ఇక బాటల సంగతి. ఇంగ్లండులో పొలాల మధ్య కాలిబాటలను పటాలకెక్కించాలని 1949లోనే చట్టం చేశారు. అలా నమోదైన బాటను రైతు దున్నినా మళ్లీ నడవడానికి వీలుగా సరిచేసి ఇవ్వాల్సిందే. మనకూ గ్రామ పటాల్లో బండిబాటలున్నాయి, బాట పోరంబోకు అన్న పేరూ ఉంది. కాగితం మీద ఉన్న బాట నేల మీద కొన్నిచోట్ల కంపచెట్ల పాలైంది, కొన్నిచోట్ల పక్క చేలో కలిసిపోయింది. కలిపేసుకున్నది మనవాళ్లే, ఆ తప్పు మీ శాఖది కాదు. కానీ గట్టు, కట్ట మీ చేతిలో ఉన్నాయి. వాటి మీది కంప కొట్టించి, నీడకు కానుగ, చింత నాటించండి. చెట్ల వేళ్లు కట్టకు చేటు కాబట్టి నాటేది కట్ట వాలు మీద కాదు, దిగువన దారి పక్కన. ఇది మీకు నేను చెప్పాలా!

అసలు మాట ఇప్పుడు చెబుతాను. కాలవకు వేసిన సిమెంటు లైనింగు వల్ల నీళ్లు చివరి చెరువు దాకా పారతాయి, పక్క బావుల్లో ఊట తగ్గుతుంది. రెండూ నిజమే, ఆ తగువు ఇక్కడ పెట్టను. నా భయం వేరే. లైనింగు వాలు తడిసి పాచి పడితే కాలు నిలవదు. నీళ్లకు దిగిన మేక, దాన్ని పట్టుకోబోయిన పిల్లవాడు, ఇద్దరూ పైకి రాలేరు. పాత మట్టి కాలవలో చేతికి గడ్డిదుబ్బైనా దొరికేది. అందుకని ఊళ్లు, పశువుల దారులు తగిలే ప్రతిచోటా రెండు గట్లకూ మెట్లు కట్టించండి. మెట్లు ఇప్పటికే ఉన్నచోట దూరానికి కనిపించేలా రంగు వేయించండి.

చెట్లు వానాకాలంలో నాటొచ్చు, బాటలు తీరిగ్గా సర్వే చేయించొచ్చు. మెట్లు మాత్రం కాలవకు మళ్లీ నీళ్లు వదిలే లోపే పూర్తి కావాలి. మొదట అప్పినపల్లి నుంచే మొదలుపెట్టించండి.

ఇట్లు,
పెద్దపంజాణి మండలవాసి