పరదేశపు చదువునకు పిల్లను పంపుట

వినుకొండనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కూతురు విద్యార్థి వినిమయ పథకము క్రింద పదినెలలు అమెరికాలో నుండి చదువుకొనుటకు ఎన్నికయైనదట. “పెట్టెలో ఏమేమి సర్దవలెను?” అని యడిగినది. పెట్టెనుగూర్చి తప్పక వ్రాసెదము. కాని మా యింట నీ ముచ్చట జరిగియున్నది గనుక, పెట్టెకంటె ముందు సర్దుకొనవలసినవి మఱికొన్ని గలవని మనవి చేయుచున్నాము.

మా వదినగారి కుమార్తె 2023 ఆగస్టులో ఈ యీపూరునుండియే అట్లు పోయి 2024 జూనులో తిరిగివచ్చినది. వదినగారిది మిరపసేద్యము చేయు కుటుంబము. మా వారు బడిపంతులగుటచే పిల్ల చదువు మా యింటనే సాగినది. దరఖాస్తు పెట్టించినదియు మా వారే. ఏ కీడు వచ్చినను నింద మా గడపమీదనే పడునని మాకు మొదటినుండియు తెలియును.

వినిమయమనగా మార్పిడి యని మా యత్తగారికి చెప్పినప్పుడు ఆమె, “కుండమార్పిడి సంబంధాలు విన్నాం. మన పిల్లనిచ్చి వాళ్ల పిల్లను తెచ్చుకుంటాం. మరి అటునుంచి ఎవరొస్తారు?” అని యడిగిరి. అప్పుడు మేము నవ్వి యూరకుంటిమి.

ఈ పద్ధతి పుట్టిన తీరు వినదగినది. మొదటి ప్రపంచయుద్ధమున, 1915లో, గాయపడినవారిని బండ్లలో మోయుటకు ఫ్రాన్సునందు అమెరికా స్వచ్ఛందసేవకుల దళ మొకటి యేర్పడెను. రెండవ యుద్ధమునందును వారే యా పని చేసిరి. క్షతగాత్రులను మోసి మోసి విసిగినవారు, పిల్లలు ఒకరి యింట నొకరు పెరిగినచో పెద్దవారైన పిమ్మట ఒకరినొకరు చంపుకొనరని తలంచి, 1947లో పరదేశపు విద్యార్థులను తమ దేశపు టిండ్లకు రప్పించిరి. అదియే ఏ.ఎఫ్.ఎస్. అను సంస్థ. 2001 సెప్టెంబరు ఘోరము తరువాత 2002లో అమెరికా ప్రభుత్వము కెనెడీ, లూగర్ అను సెనేటరుల పేర మఱియొక పథకము పెట్టగా, తెలంగాణ గురుకులముల పిల్లలు కొందఱు దాని క్రింద వెళ్లి చదివివచ్చిరి. పల్నాటివారము, పోరు ముగిసిన పిమ్మట వీరులగుడి కట్టుకొని యేటేట ఉత్సవము చేయుట మాకు తెలియును గాని, పిల్లలను మార్చుకొనుట మాకు తోచలేదు.

మా పిల్ల వెళ్లిన మఱుసటి నెలలోనే మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు పదిమంది న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి కార్యస్థానమును చూచి వచ్చిరి. అదియు గొప్పయే, కాని అది కొలది దినముల యాత్ర. ఇది యట్టిది కాదు. ఎఱుగనివారి యింట కూతురై పదినెలలు మెలగవలయును. ఆ యింటివారికి దీనికై కూలి ముట్టదు. అమెరికాలో బడిపిల్లల నుంచుకొను కుటుంబములకు జీతమీయరాదని నియమమే కలదు.

ఇక కాగితముల మాట. మొట్టమొదట పేరు చూచుకొనుడు. మన బడి దస్తరములలో ఇంటిపేరు ఒక్క పొడియక్షరముగా ముందు నిలుచును. ఆధారులో నొకలాగున, పుట్టుక పత్రములో వేఱొకలాగున నుండును. పాస్పోర్టులో ఇంటిపేరునకు ప్రత్యేకమైన గడి యుండగా దానిని ఖాళీగా విడిచి, అంతయు ఒకే గడిలో వ్రాయించుకొనువారు మనలో పెక్కురు. అట్టివారి వీసాలో ఆ పేరంతయు ఇంటిపేరై, అసలుపేరున్న చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడును. మొదటిపేరు తెలియదని దాని యర్థము. బారసాలనాడు బియ్యములో వ్రాసి, చెవిలో మూడుమార్లు చెప్పిన పేరు సముద్రము దాటునప్పటికి తెలియకపోవుట యేమి కర్మము! మా పిల్ల యింటిపేరులో ఒక అక్షరము తేడా యున్నదని ఒక కార్యాలయమువారు మమ్ము రెండుమార్లు త్రిప్పిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల గనుక తల్లిదండ్రు లిరువురి సమ్మతిపత్రమును పెట్టితిమి.

టీకాల చీటి రెండవది. అమెరికా బడులలో టీకాలు వేయించినట్లు సాక్ష్యము చూపనిదే పిల్లను చేర్చుకొనరు. వదినగారు పదునాఱేండ్ల నాటి చీటిని పెండ్లిచీర మడతలో దాచియుంచినది. అది చూచి మా వారు చేతులెత్తి నమస్కరించిరి. 2017లో మన బడులలో తట్టు, రుబెల్లాలకు కలిపి వేసిన టీకాలో గవదబిళ్లలకు మందు లేదు గనుక, మూడును కలిసినదానిని మరల వేయించితిమి. పండ్లును కండ్లును ముందే చూపించుడు. సాధారణముగా ఆ పథకముల బీమాలో పంటివైద్యము, కండ్లద్దాలు చేరవు. అద్దాలవారు రెండు జతలు పెట్టుకొనవలయును.

వీసాకు హైదరాబాదు పోయితిమి. ఒకప్పుడు తెలుగువారందఱును దీనికై చెన్నపట్టణము పోవలసియుండెడిది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేట పైగా భవనమున వెలసి, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత కట్టడమునకు మారినది. ఈ పిల్లలకిచ్చునది జె-1 అను వీసా. ప్రభుత్వ ధనముతో పోయినవారు మరల రెండేండ్లు స్వదేశమున నివసించినగాని అక్కడ స్థిరపడుటకు గాని, ఉద్యోగపు వీసాలకు గాని అర్హులు కారు. ఇది విని కొందఱు చుట్టములు, “ఇంతేనా!” అని పెదవి విఱిచిరి. మా వదినగారికి మాత్రము ఆ కాగితములన్నిటిలో నచ్చిన వాక్యమదియొక్కటే.

నచ్చనిది వేఱొకటి కలదు. పిల్లకు జబ్బుచేసి అత్యవసరమైనచో తల్లిదండ్రుల మాటకై వేచియుండక వైద్యము చేయించుటకు సమ్మతించుచున్నామని వ్రాలు చేయవలయును. మా వారు ఆంగ్లమున చదువుచుండగా మేము వాక్యము వాక్యమును తెలిగించి చెప్పితిమి. వదినగారు కలము క్రిందబెట్టినది. “కోతకోసినా నన్నడగరా?” అని ఒక్క మాట యడిగినది. మాకు చదువు చెప్పిన నాయనగారి పుణ్యమా యని పురాణకథలు నాలుకమీద నుండును గనుక, యశోద పెంచినంత మాత్రమున దేవకి తల్లి కాకపోయెనా యని యోదార్పబోయితిమి. “దేవకి చెరసాల్లో ఉంది కాబట్టి పంపింది. నేను చెరసాల్లో లేనుగా!” అని ఆమె లేచిపోయినది. మాకు నోట మాట లేదు. శత్రువుల గురువునొద్దకు చదువుకొనబోయిన కచుని కథ యంతకంటె తగినదే కాని, నడుమ రాక్షసు లాతని చంపుట యున్నది గనుక ఎత్తుకొనలేదు.

రెండు దినములు పత్రము అట్లేయుండెను. ఆమెను త్రిప్పినది మా వాదము కాదు. దరఖాస్తులో తల్లిదండ్రులు ఆ దేశపు టింటివారికి ఒక జాబు వ్రాయవలయునని యుండెను. పిల్లనుగూర్చి యేమి వ్రాయుదుమని యడుగగా వదినగారు గోడకానుకొని కూర్చుండి చెప్పనారంభించినది. జ్వరము వచ్చినప్పుడు గంజి, మిరియాలచారు తప్ప మఱేమియు దిగదు. ఉఱిమినచో ఒంటరిగా పండుకొనదు. అలిగినప్పుడు అన్నమునకు పిలువవద్దు, ఒక గంటకు తానే వచ్చును. చన్నీళ్లతో తల స్నానము పడదు. నాలుగు పుటలు నిండినవి. మా వారు ఆ రాత్రియే దానిని ఆంగ్లమున వ్రాసిరి. ఎవరికి చెప్పుచున్నదో వారు వినుదురని ఆమెకు చెప్పుచుండగానే నమ్మిక కలిగినది కాబోలు, మఱునాటి యుదయమున వచ్చి తానే పత్రమడిగి వ్రాలుచేసినది.

ఇంకొక మాట మొగమాటము విడిచి వ్రాయుచున్నాము. పిల్లనుంచుకొను ఇంటిలోని పెద్దలందఱి నేరచరిత్రను విచారింపవలెననియు, స్థానికపు పర్యవేక్షకులు నెలనెల పిల్లతో మాటాడవలెననియు అమెరికా నియమము. అది మంచిదే. కాని నియమము వేఱు, రాత్రివేళ గది తలుపు వేఱు. ఎవరైన తగని రీతిని తాకినను, పలికినను, “వద్ద”ని గట్టిగా చెప్పుట, వెంటనే ఫలానివారికి ఫోను చేయుట, ఇల్లు మార్పుమని యడుగుట తప్పు కాదని తల్లి తన నోట తాను చెప్పి పంపవలయును. వదినగారికి నోరాడకపోగా మేము చెప్పితిమి. పిల్ల తలవంచుకొని వినినది. పెట్టె సర్దుటకంటె ఆ యరగంట మాకు కష్టమైనది.

పెట్టెనుగూర్చి: టిక్కెట్టుమీద ఎన్ని పెట్టెలు, ఎన్ని కిలోలని వ్రాసియున్నదో చూచి యింటనే తూచుడు, చాలవఱకు పెట్టె యొక్కటికి 23 కిలోలు. ఊరగాయ, పొడులు లోపలికి పోవు పెట్టెలోనే యుండవలయును; చేతిసంచిలో తడిపదార్థము 100 మిల్లీలీటర్లు మించిన సీసా పనికిరాదు. పచ్చిపండ్లు, విత్తనములు, మాంసము వలదు. కరివేపాకును వలదు, అది నిమ్మజాతి చెట్టగుటచే దానివెంట వచ్చు పురుగు తమ నారింజతోటలను చెఱచునని వారి భయము. మా యత్తగారు లంగాల నడుమ రెండు రెమ్మలు దాచగా మేము పట్టుకొంటిమి. ఏమి తెచ్చితివని యడిగినచో ఉన్నదున్నట్లు చెప్పవలయును, దాచినచో జరిమానా. మందులు వైద్యుని చీటితో, అమ్మిన అట్టపెట్టెలోనే యుండవలయును. (గల్ఫు దేశములకు పిల్లలను పంపు సోదరీమణులు గసగసాలను మాత్రము మఱచియు పెట్టవలదు, దుబాయిలో వానికి చెఱసాల శిక్ష కలదు.)

ప్రయాణమునాడు ఈపూరునుండి నరసారావుపేటకు, అచ్చటినుండి రాత్రి బస్సులో హైదరాబాదునకు పోయితిమి. శంషాబాదు విమానాశ్రయములో టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరు. వదినగారికి ఇది ముందు చెప్పకపోవుట మా తప్పే; కడదాక పోదునని యామె తలంచియుండెను. అద్దపు తలుపునకీవల నిలిచి, పిల్ల జడ జనములో కనబడునంతసేపు చూచినది. పిల్ల ఢిల్లీలో తక్కిన విద్యార్థులను కలసికొని, పదునైదు గంటలు ఎగిరి, చికాగోలో దిగి, మఱియొక చిన్న విమానమున అయోవా రాష్ట్రము చేరినది. దిగుడుపట్టున ఒక యధికారి ఊరగాయ డబ్బా మూత తీయించి, వాసన చూచి, తుమ్మి పంపివేసెనట. “అత్తయ్యా, కనుచూపుమేర మొక్కజొన్నచేలే” యని మొదటి ఫోను. సేద్యగాండ్ర దేశమని విని మా బావగారు ఆనాడు రెండు ముద్దలు ఎక్కువ తినిరి.

దినదినము ఫోను చేయవలదని ముందే చెప్పుదురు. చేసినచో పిల్ల మనసక్కడ నిలువదు. మేము ఆదివారముదయము ఏడింటికి అని నియమము పెట్టుకొంటిమి. అచ్చట అది శనివారము రాత్రి యెనిమిదిన్నర. నవంబరులో వారు గడియారమును ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. ఆ వారము మేము పిలువగా వారింకను భోజనముచేయుచుండిరి. మా యత్తగారు, “వాళ్ల గడియారం చెడిందా, పిల్ల అలిగిందా?” అని పూటంతయు దిగులుపడిరి.

జూనులో పిల్ల వచ్చినది. నాలుగు పుటల ఆ జాబును ఆ యింటి యిల్లాలు వంటింటి గోడకంటించుకొన్నదట. మిరియాలచారు కాచుట నేర్చుకొన్నదట. అది విన్న మఱునాడు మా యత్తగారు మరల, “మరి అటునుంచి ఎవరొస్తారు?” అని యడిగిరి. ఈమాఱు మేము నవ్వలేదు. మన దేశమునను ఇట్లు పిల్లలనుంచుకొను కుటుంబములు కలవు. మా వారు పత్రము తెప్పించిరి. పిల్లకు వేఱుగ మంచము, చదువుకొనుటకు చోటు కావలెనట. మాకు ఆంగ్లము రాదు, స్నానపుగది పెరటిలో నున్నది, ఇరుగుపొరుగువా రేమందురో తెలియదు. మేమింకను వ్రాలు చేయలేదు. మా యత్తగారు మాత్రము వెనుకగదిలోని మిరపకాయల టిక్కీలను తీయించి గోడలకు సున్నము వేయించిరి.