దిగుబడి పళ్ళెం దగ్గర ఆగిపోరాదు: వరి అన్నం, జీర్ణక్రియ, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఒక వరి రకాన్ని విడుదల చేసేటప్పుడు దిగుబడి, పంటకాలం, చీడపీడలను తట్టుకొనే శక్తి, గింజ నాణ్యత, మర పట్టినప్పుడు దక్కే నిండు గింజల శాతం వంటి లక్షణాలను పేర్కొనడం ఆనవాయితీ. ఇటీవలి సంవత్సరాలలో ఈ పట్టికలోకి మరొక సంఖ్య వచ్చి చేరింది. అదే గ్లైసీమిక్ సూచిక. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం నుండి వెలువడిన ఆర్.ఎన్.ఆర్. 15048, అనగా తెలంగాణ సోనకు ఈ సూచిక 51 పరిసరాలలో నమోదైంది. భారతీయ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి రూపొందించిన మెరుగైన సాంబ మసూరికి కూడా దాదాపు అంతే. సూచిక 55 లేదా అంతకు తక్కువ ఉన్న ఆహారాన్ని అల్ప సూచిక గలదిగాను, 70 లేదా అంతకు మించినదాన్ని అధిక సూచిక గలదిగాను శాస్త్రం వర్గీకరించింది.

ఇంతవరకు శ్లాఘనీయమే. అయితే ఈ సంఖ్య ప్రయోగశాల దాటి బజారుకు చేరేసరికి ‘షుగర్ లేని బియ్యం’గా మారింది. ఆ మాట విన్న మధుమేహ రోగి అన్నం తగ్గించుకోవలసిన పని లేదని భావిస్తే అందులో ఆశ్చర్యం లేదు. భారతదేశంలో మధుమేహంతో జీవిస్తున్న వారి సంఖ్య సుమారు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి, 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఇట్టి పరిస్థితిలో గింజ లక్షణాన్ని చెప్పి, ఆ గింజ శరీరంలో ఎలా జీర్ణమవుతుందో చెప్పకపోవడం విస్తరణ సేవలోని లోపమే. విత్తనం నుండి కోత వరకు రైతుకు అండగా నిలిచే శాస్త్రవేత్త పళ్ళెం దగ్గర చేతులు కడుక్కోవడం ఇకపై సమర్థనీయం కాదు.

అన్నం ముద్ద ప్రయాణం

పిండిపదార్థం జీర్ణక్రియ నోటిలోనే ప్రారంభమవుతుంది. లాలాజలంలోని అమైలేజ్ ఎంజైము పిండి గొలుసులను తుంచడం మొదలుపెడుతుంది. ముద్ద జీర్ణాశయానికి చేరి, అక్కడి ఆమ్లంతో కలిసేకొద్దీ ఈ ఎంజైము పని ఆగిపోతుంది. జీర్ణాశయం ముఖ్యంగా మాంసకృత్తుల జీర్ణక్రియను ఆరంభించి, ఆహారాన్ని చిలికి, కొద్దికొద్దిగా చిన్నప్రేగులోనికి వదులుతుంది. పిండిపదార్థం ప్రధానంగా అక్కడే, క్లోమం స్రవించే అమైలేజ్ వలన విచ్ఛిన్నమై, ప్రేగు గోడలలోని ఎంజైముల చర్యతో గ్లూకోజుగా మారి, ఆంత్రచూషకాల ద్వారా రక్తంలో కలుస్తుంది.

ఈ క్రమంలో రెండు వేగాలు కీలకమైనవి. మొదటిది జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం. రెండవది ఎంజైము పిండి రేణువును చేరే వేగం. పప్పు, పెరుగు, నూనె, కూరలోని పీచు మొదటి వేగాన్ని తగ్గిస్తాయి. గింజ నిర్మాణం, పిండి స్వభావం, వండిన తీరు రెండవదాన్ని నిర్ణయిస్తాయి. మెతుకు ఒకటే అయినా, వట్టి అన్నంగా తిన్నప్పుడు ఒక విధంగాను, పప్పు, ఆకుకూరలతో కలిపి తిన్నప్పుడు మరొక విధంగాను రక్తంలో గ్లూకోజు పెరగడానికి కారణమిదే.

చిన్నప్రేగులో జీర్ణం కాక మిగిలిన భాగం వ్యర్థం కాదు. పీచు, నిరోధక పిండిపదార్థం పెద్దప్రేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ఆ జీవులు వాటిని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పెద్దప్రేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన శక్తి వనరు. నేలకు సేంద్రియ పదార్థం ఎందుకు అవసరమో బోధించే వ్యవసాయ విద్యార్థికి ఈ విషయం అర్థం కావడం కష్టం కాదు. నేలలోని సూక్ష్మజీవులకు కర్బనం అందకపోతే నేల చచ్చుబడినట్లే, పీచు లేని తిండి ప్రేగులోని జీవరాశిని బలహీనపరుస్తుంది.

గింజ చేసే పని, వంట చేసే పని

వరి పిండిలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే రెండు అణువులుంటాయి. కొమ్మలు కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్‌ను ఎంజైములు త్వరగా ఛేదిస్తాయి. దాదాపు సరళ గొలుసుగా ఉండే అమైలోజ్ బిగువుగా సర్దుకొని ఆలస్యంగా లొంగుతుంది. కనుక అమైలోజ్ శాతం తక్కువగా ఉండే జిగురు బియ్యం సాధారణంగా వేగంగా జీర్ణమవుతుంది. అయితే అమైలోజ్ ఒక్కటే విధినిర్ణేత కాదు. గింజ పరిమాణం, ముడిబియ్యమా ఉప్పుడు బియ్యమా అన్నది, ఎంత మెత్తగా ఉడికించారన్నది కూడా ఫలితాన్ని మార్చివేస్తాయి.

వండిన అన్నం చల్లారినప్పుడు ఉబ్బిన పిండి అణువులలో కొంత భాగం తిరిగి బిగుసుకొని నిరోధక పిండిపదార్థంగా మారుతుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీరో మజ్జిగో పోసి, మరునాడు ఉల్లిపాయతో తినే చద్దన్నం విలువ కొంతవరకు ఈ మార్పులోను, కొంతవరకు పులియడంలోను ఉన్నది. అయితే దీనిని సర్వరోగ నివారిణిగా కీర్తించడం కూడా తగదు. ఏర్పడే నిరోధక పిండిపదార్థం పరిమితమే. పైగా వండిన అన్నాన్ని వెచ్చని వాతావరణంలో గంటల తరబడి ఊరక వదిలివేస్తే బాసిల్లస్ సీరియస్ వంటి బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు కలుగవచ్చు. పరిశుభ్రమైన పాత్ర, శుభ్రమైన నీరు, తోడుగా మజ్జిగ అన్న పాత ఇల్లాలి జాగ్రత్తలను కూడా శాస్త్రంతో పాటే చెప్పవలసి ఉన్నది.

ఇక సూచిక విషయంలో జరుగుతున్న అసలు పొరపాటు పరిమాణానికి సంబంధించినది. గ్లైసీమిక్ సూచికను సాధారణంగా 50 గ్రాముల జీర్ణయోగ్య పిండిపదార్థం గల ఆహారాన్ని తినిపించి, రెండు గంటల పాటు రక్తంలో గ్లూకోజును కొలిచి, శుద్ధ గ్లూకోజుతో పోల్చి నిర్ణయిస్తారు. అది ఆహార స్వభావాన్ని తెలుపుతుందే గాని తిన్న మొత్తాన్ని తెలుపదు. ఒక చిన్న లెక్క చాలు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. సూచిక 72 ఉన్న బియ్యాన్ని పూటకు 100 గ్రాములు వండుకొని తిన్న వ్యక్తిపై పడే గ్లైసీమిక్ భారం సుమారు 56. సూచిక 51 ఉన్న బియ్యాన్ని ‘షుగర్ లేనిది’ కదా అని 200 గ్రాములు వండుకొని తిన్న వ్యక్తిపై పడే భారం సుమారు 80. మంచి రకాన్ని ఎంచుకున్న రెండవ వ్యక్తే ఎక్కువ నష్టపోయాడు. రకం పేరు చెప్పి కొలత చెప్పని ప్రచారం ఇట్టి నష్టానికే దారితీస్తుంది.

మర నేర్పిన పాఠం

గింజ నుండి తిండి వేరు కాదన్న సత్యం తెలుగు నేలకు కొత్తది కాదు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలి ఉండేది. మర పట్టిన పచ్చిబియ్యం ప్రధానాహారంగా గల ఆ ప్రాంతంలో వ్యాధి కనిపించగా, ఉప్పుడు బియ్యం తినే మద్రాసు రాష్ట్రపు ఇతర ప్రాంతాలలో అది అరుదుగా ఉండేది. తవుడుతో పాటు థయమిన్ అనే బి1 విటమిన్ పోవడమే ఇందుకు మూలకారణం. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు ఆ విటమిన్‌లో కొంత గింజ లోపలికి ఇంకి, మర పట్టిన తరువాత కూడా నిలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నెలకొల్పిన బెరిబెరి పరిశోధన విభాగంలో ఉన్నాయన్నది ఇక్కడ స్మరణీయం. బియ్యం తెచ్చిన వ్యాధిని శోధించడానికి పుట్టిన చిన్న విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

ఈ చరిత్రలో ఒక విపర్యాసం దాగి ఉన్నది. ఎండల తీవ్రతకు గింజలో పగుళ్ళు ఏర్పడి, రబీ ధాన్యం మరలో నూకగా విరుగుతుంది. అందువలన తెలుగు రాష్ట్రాలలో రబీ ధాన్యాన్ని పెద్దయెత్తున ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. ఆ బియ్యం అధికభాగం ఇతర రాష్ట్రాలకు తరలిపోతుంది. ఇక్కడి వారు మాత్రం తెల్లగా మెరిసే పచ్చిబియ్యాన్నే కోరుకుంటారు. తెలుపు కోసం మరింత పాలిష్ పట్టినకొద్దీ తవుడు, దానితో పీచు, బి విటమిన్లు పోతాయి. ఎంతో శ్రమించి రూపొందించిన రకం గుణం కొంత మరలోనే రాలిపోతుంది. ముడిబియ్యాన్ని వ్యాపారి ఇష్టపడకపోవడానికీ కారణమున్నది. తవుడులోని నూనె త్వరగా చేదెక్కి నిల్వ దెబ్బతింటుంది. కనుక ‘దంపుడు బియ్యం తినండి’ అని ఉపదేశించి ఊరుకోక, తక్కువ పాలిష్ పట్టే చిన్న మరలు, తక్కువ కాలం నిల్వ, గ్రామస్థాయి విక్రయం వంటి ఏర్పాట్లను కూడా విస్తరణ కార్యక్రమంలో చేర్చాలి.

చిరుధాన్యాలు: విలువ ఎంత, అతిశయోక్తి ఎంత

తెలంగాణలో జొన్నరొట్టె, గటక, రాయలసీమలో రాగిసంగటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి ఒకనాటి నిత్యాహారాలు. నీటిపారుదల విస్తరించడం, 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం వంటివి మెట్ట ప్రాంతాల పళ్ళెంలోకి సైతం వరి అన్నాన్ని తెచ్చాయి. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నిందించడం న్యాయం కాదు. అయితే తిండిలో వైవిధ్యం తగ్గిన మాట వాస్తవం.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ప్రచారం ఊపందుకున్నది. రాగులలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండడం, చిరుధాన్యాలలో పీచు అధికంగా ఉండడం నిజమే. కాని మెత్తగా విసిరిన రాగిపిండిని పలుచగా కాచిన జావ, ముతక పిండితో చేసిన గట్టి సంగటి ఒకే వేగంతో జీర్ణం కావు. రేణువు ఎంత సన్నమైతే ఎంజైముకు అంత వీలు. మైదా, పంచదార కలిపిన ‘కొర్ర బిస్కెట్టు’ పేరుకే చిరుధాన్యం. చిరుధాన్యాలలోని ఫైటేట్లు ఇనుము గ్రహింపును అడ్డగిస్తాయన్న సంగతి కూడా చెప్పాలి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఈ అడ్డును తగ్గిస్తాయి. అంబలిని పులియబెట్టిన పూర్వుల పద్ధతిలో ఆ ప్రయోజనం ఇమిడి ఉన్నది.

పళ్ళెంలో పాళ్ళు, తినే తీరు

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 2000 కిలోకేలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని సూచించాయి. మెతుకుల కుప్ప మీద ఒక గరిటెడు కూర వేసుకొనే అలవాటుకు ఇది పూర్తిగా భిన్నమైన పళ్ళెం. ఈ పాళ్ళు మారకుండా బియ్యం రకాన్ని మార్చినంత మాత్రాన ఒరిగేది స్వల్పం.

తినే వరుసకు, వేగానికి కూడా ప్రాధాన్యమున్నది. ముందుగా కూర, పప్పు తిని, తరువాత అన్నం తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజు పెరుగుదల తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. కడుపు నిండిన సంకేతాలు మెదడుకు పూర్తిగా అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలలో భోజనం ముగించే వ్యక్తి ఆ సంకేతం కంటే ముందే అధికంగా తినివేస్తాడు. సాయంత్రానికి ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది గనుక రాత్రి పొద్దుపోయి చేసే భారీ భోజనం ఎక్కువ హాని చేస్తుంది. భోజనానంతరం కొద్దిసేపు నడిస్తే కండరాలు గ్లూకోజును వినియోగించుకుంటాయి.

ఈ చివరి అంశం వ్యవసాయ కుటుంబాలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. రోజంతా నాట్లు వేసి, కోతలు కోసి, మోతలు మోసిన శరీరానికి పెద్ద పళ్ళెం అన్నం అవసరమైన ఇంధనమే. ట్రాక్టరు, నాటు యంత్రం, కోత యంత్రం వచ్చి శ్రమను తగ్గించాయి. పళ్ళెం మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. యాంత్రీకరణను ప్రోత్సహించిన వ్యవస్థకు ఈ తేడాను గుర్తుచేసే బాధ్యత కూడా ఉన్నది.

ఆక్షేపణ, సమాధానం

వ్యవసాయ శాస్త్రవేత్త వైద్యుడు కాడనీ, ఆహార సలహా అతని పరిధి కాదనీ కొందరు ఆక్షేపించవచ్చు. రోగికి చికిత్స, మందుల మోతాదు నిస్సందేహంగా వైద్యుని పరిధిలోనివే. ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా తిండిలో పెద్ద మార్పులు చేయరాదు. అయితే రకం కరపత్రంలో గ్లైసీమిక్ సూచికను ముద్రించిన రోజే వ్యవసాయ శాస్త్రం ఆ గీతను దాటింది. ప్రచారానికి సంఖ్యను వాడుకొని, దాని అర్థాన్ని వివరించే బాధ్యతను మాత్రం ఇతరులకు వదలడం నిజాయితీ అనిపించుకోదు.

చేయవలసినది అసాధ్యమైనదేమీ కాదు. సూచికను పేర్కొన్న ప్రతి కరపత్రంలోనూ ఏ స్థాయి పాలిష్ పట్టిన బియ్యాన్ని, ఎలా వండి, ఎంత పరిమాణంలో పరీక్షించారో తెలపాలి. ‘షుగర్ లేని’, ‘మధుమేహాన్ని నయం చేసే’ వంటి మాటలను విశ్వవిద్యాలయాల వేదికలపై పూర్తిగా మానుకోవాలి. కృషి విజ్ఞాన కేంద్రాలలో సస్య శాస్త్రవేత్త, గృహవిజ్ఞాన శాస్త్రవేత్త వేర్వేరుగా కాక, ఒకే క్షేత్ర దినోత్సవంలో పొలాన్నీ పళ్ళేన్నీ పక్కపక్కనే చూపాలి. వరిచేను గట్టుమీద కంది, వరి మాగాణిలో మినుము, పెసర, పెరటిలో ఆకుకూరల సాగును అదనపు ఆదాయంగానే కాక, అన్నం జీర్ణమయ్యే తీరును మార్చే పంటలుగా కూడా బోధించాలి. స్నాతకోత్తర విద్యార్థుల వరి పరిశోధనలలో వీలైనంతవరకు వండిన అన్నపు జీర్ణయోగ్యతను కూడా ఒక పరిశీలనగా చేర్చాలి.

బెరిబెరి కాలంలో గింజలో నుండి పోయినదేమిటో కనుగొనడానికి శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. నేడు తెలియవలసినది చాలావరకు తెలిసియే ఉన్నది. కొరవడినది దానిని సరియైన కొలతతో, అతిశయోక్తి లేకుండా రైతు ఇంటికి చేర్చడమే. ఎకరాకు ఎన్ని బస్తాలన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త తడుముకోకుండా సమాధానం చెప్పగలడు. పూటకు ఎంత అన్నం, దేనితో కలిపి అన్న ప్రశ్నకు కూడా అంతే స్పష్టంగా బదులు చెప్పగలిగినప్పుడే ఆ రకం విడుదలకు సార్థకత చేకూరుతుంది.