పేరు కూడా అమానతే భాయ్!



తిరుపతి బస్టాండు దగ్గర మా ఖాలా కొడుకు ట్రావెల్స్ నడుపుతాడు. రెండు కార్లు, ఒక టెంపో. కొండకు వచ్చే యాత్రికులే వాడి రోజీ రోటీ. ఆరేళ్ల కింద ఊళ్లోనే ఒక వెబ్ డిజైనర్‌తో సైటు చేయించుకున్నాడు. ఆ డాట్‌కామ్ పేరు కార్ల అద్దాల మీద ఉంది, విజిటింగ్ కార్డుల మీద ఉంది. బెంగళూరు, చెన్నై నుంచి వచ్చే పాత గిరాకీలు ఆ పేరు కొట్టే బండి మాట్లాడుకుంటారు.

వెయ్యి చిల్లరతో అయ్యే రెన్యువల్‌కు వాడు ఏడాదికి 4 వేలు కడుతున్నాడు. పోయిన రంజాన్ తర్వాత ఆ పేరును వేరే కంపెనీకి మార్చుకుంటానని డిజైనర్‌ను కోడ్ అడిగాడు. "ట్రాన్స్‌ఫర్ చార్జీ 12 వేలు" అన్నాడు ఆయన. ఎందుకంటే జవాబు లేదు. మా ఖాలా అయితే "సబర్ కరో బేటా, అల్లాహ్ దేఖ్ లేగా" అంది. నాకు కోపం వచ్చింది అక్కడే. ముసీబత్ వచ్చినప్పుడు ఓర్చుకోవడం సబర్. మన హక్ లాక్కుంటుంటే నోరు మూసుకోవడం సబర్ కాదు, జుల్మ్‌కు దారి ఇవ్వడం.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. ఇంటర్నెట్‌లో పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాది లెక్కన, ఎక్కువలో ఎక్కువ 10 ఏళ్లకు రిజిస్టర్ చేసుకుంటాం. రిజిస్టర్ చేసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. మన డిజైనర్లు చాలామంది ఆ రిజిస్ట్రార్ల కింద పనిచేసే రీసెల్లర్లు మాత్రమే. డాట్‌కామ్ లాంటి పేర్లకు రిజిస్ట్రార్లు ఎలా నడుచుకోవాలో ఐకాన్ అనే సంస్థ రూళ్లు పెట్టింది. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ చూస్తుంది.

సెల్ నంబర్ పోర్టింగ్ గుర్తుంది కదా? 2011 జనవరి నుంచి దేశమంతా వచ్చింది. 1900కు మెసేజ్ కొడితే కోడ్ వస్తుంది, నంబర్ అదే ఉంటుంది, కంపెనీ మారుతుంది. ఆ కోడ్ ఇవ్వడానికి 12 వేలు కట్టమంటే దుకాణం ముందు గలాటా చేస్తాం. డొమైన్ మార్చడమూ అలాంటిదే. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునే రూలు 2004 నుంచే ఉంది. మనకు చెప్పినవాళ్లే లేరు.

ఆ రూలు ప్రకారం, పేరు ఎవరి మీద రిజిస్టర్ అయిందో వాళ్లు కోడ్ అడిగితే రిజిస్ట్రార్ 5 రోజుల్లో ఇవ్వాలి, లేదా వాళ్లే తీసుకునే సౌకర్యం పెట్టాలి. పేరు కొత్తగా తీసుకున్నా, ఒకసారి మార్చినా, 60 రోజుల్లోపు అయితే కాదనవచ్చు. మోసం జరిగిందనే ఆధారం ఉన్నా, గడిచిన కాలానికి రిజిస్ట్రేషన్ రుసుము బాకీ ఉన్నా కాదనవచ్చు. రాబోయే ఏడాది రుసుము కట్టలేదని ఆపడానికి వీల్లేదు. మనం డబ్బు కట్టాక, రిజిస్ట్రార్‌కూ దాని కింది వ్యాపారికీ మధ్య లెక్కలు తేలలేదని కూడా ఆపడానికి వీల్లేదు.

డిజైనర్ల తరఫు మాట కూడా వినాలి. "సైటు చేసిన డబ్బు బాకీ పెట్టి పోతారు, మేమేం చేయాలి?" అంటారు. నిజమే, అలాంటి మనవాళ్లు ఉన్నారు. ఖర్జ్ తీర్చడం ఫర్జ్. తీర్చనివాడి మీద కేసు వేయండి. కానీ పేరు మీ దగ్గర గిర్వీ పెట్టిన నగ కాదు. అది అమానత్. అమానత్‌ను పట్టుకుని బేరమాడితే దాని పేరు ఖియానత్. మా వాడి దగ్గర పైసా బాకీ లేదు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. చిత్తూరులో అత్తర్లు, టోపీలు అమ్మే ఒక సాబ్ కథ ఇది. ఆయన సైటు పేరు మొదటినుంచీ డిజైనర్ సొంత పేరు మీదే రిజిస్టర్ అయింది. డబ్బు సాబ్‌ది, పేరు డిజైనర్‌ది. రికార్డులో ఎవరుంటే ఐకాన్ రూలు వాళ్లనే చూస్తుంది. సాబ్ చివరికి బోర్డు మార్చుకున్నాడు. ఓడిపోవాల్సిన కేసు కాదది. సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే డొమైన్ పేరుకు వ్యాపార గుర్తుకు ఉన్నట్టే రక్షణ ఉందని చెప్పింది. కానీ ఆయన కోర్టు దాకా పోలేదు. "ఎవరు తిరుగుతారు భాయ్" అన్నాడు.

తిరగక్కర్లేదు. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు 2 ఏళ్లు. "నువ్వు వ్యాపారివి, వినియోగదారుడివి కావు" అని అవతలివాళ్లు అంటారు. సొంతంగా పనిచేసుకుని పొట్టపోసుకునేవాడు వినియోగదారుడే అని చట్టంలోనే రాసుంది.

మా వాడి విషయంలో మేం డిజైనర్‌తో వాదన ఆపి నేరుగా రిజిస్ట్రార్‌కు రాశాం. రికార్డులో పేరు వాడిదే ఉంది, ఈమెయిల్ మాత్రం డిజైనర్‌ది. పాత బిల్లులు, గుర్తింపు కార్డు జత చేశాం, 5 రోజుల రూలు గుర్తుచేశాం. నాలుగో రోజు డిజైనరే కోడ్ పంపాడు. 12 వేల మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఇంగ్లీషులో ఉన్న ఆ షరతులు చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. బండి తోలేవాడు ఎప్పుడు చదవాలి? నిక్సీ, రిజిస్ట్రార్లు ఈ హక్కులను తెలుగులో, ఉర్దూలో బిల్లు మీదే అచ్చు వేయాలి. పేరు ఎవరి మీద రిజిస్టర్ అయిందో రసీదులో రాయాలి. ఇది ఖైరాత్ కాదు, మన హక్.

అంతవరకూ మన పని మనం చేద్దాం. ఈ రాత్రి ఇషా తర్వాత మీ డిజైనర్‌కు ఒక మెసేజ్ పెట్టండి: పేరు ఎవరి మీద ఉంది, ఈమెయిల్ ఎవరిది, గడువు ఎప్పుడు? జవాబు రాతలో అడగండి. మసీదు కమిటీల సైట్లు, మదర్సాల సైట్లు కూడా చూడండి, అవి చందా డబ్బుతో నడిచేవి. తగాదా వచ్చాక అడిగితే జవాబు రాదు. దోస్తీ ఉన్నప్పుడే అడగండి.